మెట్టెల వేలు

2024వ సంవత్సరం. మలాయి దేశపు పెరాక్ రాష్ట్రంలో తెలుక్ ఇంటాన్‌కి కాస్త ఎడంగా, పామాయిల్ తోటలకు వెళ్ళే దారి మీద ఉన్న ఒక ప్రభుత్వ క్లినిక్‌లో నేను గాయాల గది సిస్టర్‌ని. సిస్టర్ అన్నది కాగితాల మీద మాటే. ఇక్కడ మమ్మల్ని అందరూ మిస్సీ అనే పిలుస్తారు. మలాయివాళ్ళకీ మిస్సీనే, చైనావాళ్ళకీ మిస్సీనే, మన తోటల ముసలివాళ్ళకీ మిస్సీనే. నా గదిలో ఒక మంచం, ఒక బల్ల, డ్రెస్సింగ్ సామాన్ల బండి, గోడకి ఒక ఫ్యాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది షుగర్ జబ్బుతో కాళ్ళు పుండ్లు పడ్డవాళ్ళే. ఈ దేశంలో పంచదార లేని టీ అడిగితే కొట్టువాడు మన మొహంకేసి జాలిగా చూస్తాడు. ఇక పుండ్లకి కొదవేముంది?

ఆ ఏడాదే మా గదికి ఒక టాబ్లెట్ వచ్చింది. అందులో ఏఐతో పనిచేసే యాప్ ఉంది. పుండు పక్కన చర్మం మీద చిన్న స్టిక్కర్ అతికించి ఫొటో తీయాలి. స్టిక్కర్ కొలత దానికి తెలుసు కాబట్టి, దాన్నిబట్టి పుండు ఎంత పొడవో ఎంత వెడల్పో అదే లెక్కగడుతుంది. పుండు చుట్టూ గీత గీస్తుంది. లోపల ఎర్రగా ఉన్నది గ్రాన్యులేషన్, అంటే కొత్తగా పుడుతున్న మంచి కండ. పసుపుపచ్చగా జిగటగా ఉన్నది స్లఫ్, అంటే చచ్చిపోయి పేరుకున్న పొర. నల్లనిది పూర్తిగా మాడిపోయిన కండ. వీటిలో ఏది ఎంతుందో చెప్పి, వారం వారం గ్రాఫ్ గీసి, ఆసుపత్రిలో ఉన్న సర్జన్‌కి పంపేస్తుంది.

మొదట్లో నాకు దాని మీద మనసు పోలేదు. ఇన్నేళ్ళుగా కాగితం స్కేలు, దూది పుల్లతో పుండ్లు కొలిచిన చేతులు ఇవి. నిన్నగాక మొన్న వచ్చిన పలక నాకు పాఠం చెప్పడమేమిటని విసుక్కున్నాను. మా క్లినిక్ డాక్టర్ ఫరా నవ్వేది. ఆ అమ్మాయి వయసులో నా కూతురంత ఉంటుంది, ఓపికలో మాత్రం నాకు అమ్మమ్మ.

నిజం చెప్పాలి కదా, ఆ పలకకి మంచి గుణాలు ఉన్నాయి. అంతకుముందు ఒకే పుండుని పొద్దున నేను కొలిస్తే ఒక లెక్క, మధ్యాహ్నం ఇంకో నర్సు కొలిస్తే ఇంకో లెక్క వచ్చేది. ఇప్పుడు ఆ తగువు లేదు. ముసలివాళ్ళు సర్జన్‌కి కాలు చూపించుకోవడానికి ఎండలో బస్సెక్కి పోనక్కరలేదు. చెడ్డ గుణాలు కూడా ఉన్నాయి. కిటికీ వెలుగు పడితే తడి పుండు మెరిసి దానికి తెల్లగా కనిపిస్తుంది. మన నల్లటి చర్మం మీద పుండు చుట్టూ ఉండే ఎరుపు దానికి సరిగ్గా ఆనదు. అందుకని నేను కర్టెను వేసి, లైటు ఒకేచోట పెట్టి, ఫొటో తీశాక గీత సరిగ్గా పడిందో లేదో వేలితో సరిచేసేదాన్ని. కొత్త కోడలితో వేగినట్టు వేగుతూ ఉండగా నూకాలమ్మ వచ్చింది.

నూకాలమ్మకి డెబ్భై దగ్గర. భర్త అప్పలసామి ఇంకో నాలుగైదేళ్ళు పెద్ద. ఇద్దరూ ఒకప్పుడు తోటలో పనిచేసినవాళ్ళు, ఇప్పుడు పట్నం చివర చిన్న ఇంట్లో ఉంటున్నారు. పక్కింటి కుర్రాడు పనికి పోతూ తన కారులో దింపిపోయాడు. లోపలికి వచ్చి నాతో తమిళంలో మాట్లాడారు. ఇక్కడ మనవాళ్ళందరికీ అదే అలవాటు, చీర కట్టినా కట్టకపోయినా ఎదుటివాళ్ళు తమిళవాళ్ళే అనుకుంటారు. నేను చేతులు కడుక్కుంటూ ఉంటే ఆవిడ మొగుడితో తెలుగులో మెల్లగా, ఈ దేశపు అలవాటు ప్రకారం చివర ఒక 'లాహ్' తగిలించి అంది.

"ఈ మిస్సీ మొకం సూసినావా? కొట్టీసేలాగుంది లాహ్."

"కొట్టను పెద్దమ్మా. తిడతానంతే," అన్నాను తెలుగులో.

ఇద్దరూ కొయ్యబారిపోయారు. తరవాత నూకాలమ్మ నవ్విన నవ్వుకి బయట బెంచీల మీదివాళ్ళు తొంగి చూశారు. "అయ్యో, మనమ్మాయే! ఏ తోట పాపా మీది?" అని మొదలుపెట్టి మా తాత పేరు దాకా లాగేసింది. అప్పటినుంచి నేను పాపని, ఆవిడ పెద్దమ్మ, ఆయన పెదనాన్న. నాకు యాభై దాటాయన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

కుడికాలి రెండో వేలు వాచి ఉంది. వెండి మెట్టె అందులోకి దిగిపోయి, వేలి మీద పుండు పడింది. షుగర్ వల్ల ఆవిడ పాదాల్లో నరాలు మొద్దుబారాయి, దాన్నే న్యూరోపతీ అంటాం. మెట్టె కోసుకుపోతున్నా నొప్పి తెలియలేదు. నేను సబ్బు నురగ వేసి, మెట్టె చుట్టని పట్టకారుతో మెల్లగా విప్పి తీశాను. రెండో కాలి మెట్టె కూడా తీయమన్నాను, ఇవాళ ఒక కాలికైంది రేపు ఇంకో కాలికి అవుతుందని. పెళ్ళినాడు పెట్టినవట, ఆ తరవాత తీసిందే లేదు. రెండు మెట్టెల్నీ అప్పలసామి అరచేతిలో పెట్టాను. ఆయన వాటిని చొక్కా జేబులో వేసుకుని, పైన చెయ్యి ఆనించి పెట్టుకుని కూర్చున్నాడు.

మంగళవారం, శుక్రవారం కట్టు మార్చాలి. ఫొటో మాత్రం వారానికొకసారి, శుక్రవారం. పుండు మీద ఒత్తిడి పడకుండా ముందువైపు తెరిచి ఉన్న మెత్తటి చెప్పులు ఇచ్చాం. దీన్ని ఆఫ్‌లోడింగ్ అంటాం. పుండుకి సగం వైద్యం అదే. మందులు వేళకి వేసుకోమన్నాం, టీలో పోసుకునే తియ్యటి పాలడబ్బా మానమన్నాం. నూకాలమ్మ అన్నిటికీ బుద్ధిగా తలూపింది, పాలడబ్బా దగ్గర మాత్రం కాస్త నెమ్మదిగా ఊపింది.

మొదటి రెండు ఫొటోలూ ఫరవాలేదు. ఆ తరవాత గ్రాఫ్ తిరగబడింది. ప్రతి శుక్రవారం పుండు పెద్దదవుతున్నట్టు, అందులో స్లఫ్ పెరుగుతున్నట్టు టాబ్లెట్ చూపించింది. గీత పుండు దాటి పక్క చర్మం మీదకి పాకుతోంది. నేను వంగి చూశాను, అంచుల్లో నిజంగానే పచ్చగా ఉంది. మేం వాడే అయోడిన్ మందు కూడా అలాంటి మరకే వదులుతుంది గనక, కొంత అది, కొంత స్లఫ్ అనుకున్నాను. సెలైన్‌తో తుడిస్తే పోలేదు. మంగళవారాల్లో కాలు చూస్తే ఇంత ఘోరంగా లేదే అనిపించేది. మళ్ళీ శుక్రవారం గ్రాఫ్ చూసేసరికి నా కన్నే తప్పనుకునేదాన్ని. రంగురంగుల గీత ముందు మన కంటికి ధైర్యం చాలదు.

ఇంకో చిన్న సంగతి. శుక్రవారాల్లో కట్టు వదులుగా, ఎవరో చుట్టినట్టు ఉండేది. "కట్టు ఎవరు విప్పినారు?" అని అడిగితే అప్పలసామి గోడకేసి చూసి, "కారులో జారిపోనాది పాపా," అనేవాడు. కారు ఎక్కి దిగేసరికి ఇంత జారుతుందా అని గొణుక్కుని, కొత్త కట్టు గట్టిగా కట్టేదాన్ని.

గ్రాఫ్ చూసి ఆసుపత్రి నుంచి సర్జన్ డాక్టర్ లిమ్ వీడియోలో మాట్లాడాడు. మనిషి మితభాషి, నిదానస్తుడు. "ఎక్స్‌రేలో ఎముక ఇంకా బాగానే ఉంది. కానీ పుండు ఇలాగే పెరిగితే ఎముకని పట్టుకుంటుంది. అప్పుడు వేలితో పోదు, పాదం అడుగుతుంది. రెండో వేలు తీసేద్దాం. పై వారం పెట్టుకుందాం," అన్నాడు. ఆయన మాటల్లో తప్పేమీ లేదు. ఆ గ్రాఫ్ చూపిస్తే నేనైనా అదే అనేదాన్ని.

ఆ శుక్రవారం చెప్పే పని నా మీద పడింది. డాక్టర్ ఫరా ఇంగ్లీషులో చెప్తోంది, నేను తెలుగులోకి తిప్పుతున్నాను. సగంలోనే నూకాలమ్మకి అర్థమైపోయింది. ఈ దేశంలో షుగర్ ఉన్న ప్రతి ముసలి మనిషికీ 'పొతోంగ్' అన్న మలాయి మాట తెలుసు. కొయ్యడం అని అర్థం. డాక్టరు నోట ఆ మాట ఎప్పుడొస్తుందా అని భయపడుతూనే వస్తారు.

"పొతోంగా?" అంది.

"ఒక్క వేలే పెద్దమ్మా. పాదం నిలబడుతుంది."

ఆవిడ కాలికేసి కాసేపు చూసుకుంది. "బొటనేలు తీసుకోండి. సిటికెనేలు తీసుకోండి. ఈ ఏలు మట్టుకు ఒద్దు పాపా."

"పుండు ఈ వేలికే ఉంది కదా."

"ఇది మెట్టెలేలు. ఈ ఏలు నేకపోతే రేపు నాను పోనప్పుడు మెట్టెలు దేనికి పెడతారు? పసుపు కాళ్ళతోని, మెట్టెలతోని పోవాలని కదా ఇన్నాళ్ళూ మొక్కుకున్నాను. ఈ మనిషి కన్నా ముందు పోవాలని. డాక్టరమ్మకి సెప్పు."

నాకు మా అమ్మ కాళ్ళు గుర్తొచ్చాయి. ఫరాకి, పెళ్ళి ఉంగరం వేసుకునే వేలు కోస్తామంటే ఎలా ఉంటుందో అలా అని చెప్పాను. ఫరా కుర్చీ ముందుకి లాక్కుని నూకాలమ్మ చెయ్యి పట్టుకుంది. "కోసే ముందు ఇంకొక్కసారి చూద్దాం సిస్టర్. డాక్టర్ లిమ్ ఎలాగూ తాజా ఫొటో కావాలంటారు. మంగళవారం తీద్దాం," అంది. అప్పలసామి మొదటినుంచి చివరిదాకా జేబు మీద చెయ్యి తీయలేదు.

మంగళవారం ఫరా స్వయంగా ఫొటో తీసింది. టాబ్లెట్ చూసి, నాకేసి చూసి, మళ్ళీ టాబ్లెట్ చూసింది. పుండు చిన్నదైంది. లోపల దాదాపు అంతా ఎర్రటి మంచి కండ. స్లఫ్ బాగా తగ్గింది. గ్రాఫ్‌లో గీత ఒక్కసారిగా కిందకి పడింది.

"సిస్టర్, దీనికి పిచ్చెక్కింది," అంది ఫరా.

"నేను మొదటినుంచీ అదే కదా చెప్తున్నాను," అన్నాను. నాకు లోపల సంతోషమే, దాచుకోలేదు.

ఆ ఫొటో చూసి డాక్టర్ లిమ్ ఫోను చేశాడు. "నాలుగు రోజుల్లో పుండు ఇంత మారదు. రెండు ఫొటోల్లో ఒకటి అబద్ధం. ఏదో చెప్పండి. శుక్రవారం మళ్ళీ చూద్దాం, ఆ తరవాతే ఆపరేషన్ సంగతి," అన్నాడు. మంచి ప్రశ్న వేశాడు మహానుభావుడు. యంత్రానిది తప్పా, కాలిది తప్పా అని నేనూ ఫరా వాదించుకుంటున్నాం. తప్పు ఆ రెంటిదీ కాకపోవచ్చని మా ఇద్దరికీ తట్టలేదు.

శుక్రవారం వాళ్ళు వచ్చారు. కట్టు మళ్ళీ వదులుగానే ఉంది. నూకాలమ్మని మంచం మీదకి ఎక్కించడానికి అప్పలసామి చెయ్యి అందించాడు. ఆ చెయ్యి సరిగ్గా నా మొహం ముందుకి వచ్చింది. గోళ్ళ సందులు, వేళ్ళ కొసలు పచ్చగా ఉన్నాయి.

"పెదనాన్నా, పొద్దున్నే పప్పు వండినారా?" అన్నాను నవ్వుతూ.

ఆయన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. ఆ లాక్కోవడం చూసి నా నవ్వు ఆగిపోయింది. కట్టు విప్పాను. పుండు అంచులు పచ్చగా ఉన్నాయి. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాను. అయోడిన్ కాదు. అది పసుపు. మా అమ్మ శుక్రవారం పొద్దున తలంటుకుని కాళ్ళకి రాసుకునే పసుపు. దానిపేరు తెలుసుకోవడానికి నాకు ఏ యాప్ అక్కరలేదు, కానీ ఇన్నాళ్ళూ వాసన చూడాలని తోచలేదు.

"ఇది ఎవరు రాసినారు?" నా గొంతు పెరిగింది. "కాలికి ఏమీ రాయొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఈ పచ్చదనం చూసి వేలు కోస్తామన్నారు, తెలుసా? అందులో ఎంత దుమ్ముందో, ఏ పురుగుందో!"

"తిట్టకు పాపా," అంది నూకాలమ్మ. "నానే రాసుకున్నాను."

"నువ్వు వంగలేవు పెద్దమ్మా. మోకాళ్ళు వంగవని నువ్వే చెప్పినావు."

అప్పలసామి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. బయట బెంచీల మీద ఎవరికైనా వినపడుతుందేమోనని గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

"నానే రాసినాను. మెట్టెలు తీసీసినాక ఇది తిండి మానేసినాది. కాళ్ళు మోడుగుండిపోనాయని ఏడిసినాది. ముందర్నుంచీ ప్రతి సుక్రోరం పసుపు రాసుకునే మనిషి. ఒంగలేక అదీ మానేసినాది. సూడలేకపోనాను. నాను కూకుని, కాళ్ళు కడిగి, రాసినాను. ఎలాగూ మీరు ఆ పూట కట్టు ఇప్పుతారు కదా, ముందుగా ఇప్పితే ఏటని ఇప్పినాను. పసుపు మందే కదా అనుకున్నాను. మీరు తిడతారని తడిగుడ్డతోని తుడిసీసి, మళ్ళీ సుట్టీసినాను."

"ఆ మాట నాతో అంటే సరిపోయేది కదా!"

"ఏటని సెప్పను? మొగోడు పెళ్ళాం కాళ్ళు పట్టుకున్నాడని అందరి మొగానా సెప్పుకోవాలా? మనోళ్ళు ఇంటే ఏటంటారు?"

ఆయన పచ్చటి వేళ్ళు చొక్కా కిందకి దాచుకున్నాడు. నేను ముప్ఫై ఏళ్ళకి పైగా ఈ ఉద్యోగం చేస్తున్నాను. పెళ్ళాం కాలికి పుండైతే ముక్కు మూసుకుని గుమ్మం బయట నిలబడ్డ మగవాళ్ళని చాలామందినే చూశాను. ఈయన పెళ్ళాం కాళ్ళకి పసుపు రాసి, ఆ సంగతి తెలిస్తే పరువు పోతుందని దొంగలా వేళ్ళు దాచుకుంటున్నాడు. నా కోపం ఎటుపోయిందో తెలియదు. ఏడుపు వచ్చింది, డ్రెస్సింగ్ బండి వైపు తిరిగి ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

ఫరాని పిలిచి చెప్పాను. "కుఞిత్!" అని నెత్తి కొట్టుకుంది. మలాయిలో పసుపుకి ఆ మాట. తనకి బిడ్డ పుట్టాక వాళ్ళ అమ్మమ్మ కూడా తన ఒంటికి పసుపు పట్టించిందట. కానీ ఆ అమ్మాయి డాక్టరు బుర్ర ఊరుకోదు. "అనుకోవడం కాదు సిస్టర్, పరీక్ష చేద్దాం," అని క్యాంటీన్ అక్క దగ్గర్నుంచి పసుపు పొడి తెప్పించింది. నా ఎడమ చేతి వెనక చిటికెడు పసుపు తడిపి రాసింది. ఆరాక తడిగుడ్డతో తుడిచింది. కంటికి లేత మరక తప్ప ఏమీ లేదు. పక్కన స్టిక్కర్ అతికించి ఫొటో తీసింది.

టాబ్లెట్ రవ్వంత ఆలోచించి, నా ఆరోగ్యమైన చేతి మీద ఒక పుండు చూపించింది. చుట్టూ శుభ్రంగా గీత గీసి, లోపల ఎక్కువ భాగం స్లఫ్ అని చెప్పింది.

నూకాలమ్మ మంచం మీదనుంచి మెడ సాచి చూసింది. "ఏటంటాది అది?"

"నా చేతికి పుండంట పెద్దమ్మా. కొయ్యాలేమో."

"అయితే ముందల నీది పొతోంగ్ సెయ్యమను లాహ్!" అంది. అంతే, నవ్వులు. అప్పలసామి కూడా నవ్వాడు. అన్ని వారాల్లో ఆయన నవ్వగా చూడడం నాకు అదే మొదలు.

ఆ ఫొటోని, పసుపు పొట్లం ఫొటోని కలిపి ఫరా డాక్టర్ లిమ్‌కి పంపి, వీడియో కలిపింది. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. తరవాత, "అంటే మంగళవారం ఫొటో నిజం," అన్నాడు. మేం విడమరిచి చెప్పాం. శుక్రవారం రాసిన పసుపు మంగళవారానికి చాలావరకు కట్టులోకి దిగిపోతోంది, మిగిలింది మేం శుభ్రం చేసేటప్పుడు చచ్చిన చర్మంతో రాలిపోతోంది. శుక్రవారం పొద్దున మళ్ళీ కొత్తగా అంటుతోంది. "సరే, ఆపరేషన్ ఆపుతున్నాను. నాలుగు శుక్రవారాలు పసుపు లేకుండా ఫొటో పంపండి. గీత కిందకి దిగుతూ ఉంటే వేలు ఉంటుంది. పైకి లేస్తే నాకు వేరే దారి లేదు. పెద్దావిడకి ఈ రెండు ముక్కలూ చెప్పండి," అన్నాడు.

రెండు ముక్కలూ చెప్పాను. భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంతోషించాలో భయపడాలో తేలలేదు వాళ్ళకి. నూకాలమ్మ, "అయితే పసుపు?" అంది చిన్నగొంతుతో.

అక్కడ నేను కాస్త ఆలోచించాల్సి వచ్చింది. ఏమీ రాయొద్దని మళ్ళీ గట్టిగా చెప్పొచ్చు. చెప్తే ఏమవుతుందో కళ్ళారా చూశాం కదా, చాటుగా రాస్తారు. ఫరాతో మాట్లాడి ఒక ఒప్పందం చేశాం. ఇంట్లో కట్టు విప్పకూడదు. ఎడమకాలికి ఇంట్లోనే ఎంతైనా రాసుకోవచ్చు, పగుళ్ళు లేకుండా చూసుకుని. కుడికాలికి మాత్రం ఇక్కడే, ఫొటో తీసి, నేను కట్టు కట్టేశాక, మడమ పైన చీలమండకి రాయొచ్చు. పసుపు ఇంటినుంచి తెచ్చుకోవాలి.

"ఇక్కడా? మీ ముందరా?" అన్నాడు అప్పలసామి.

"నేను అటు తిరిగి ఉంటాను లెండి పెదనాన్నా."

అలాగే జరిగింది. మరుసటి శుక్రవారం కట్టు చెక్కుచెదరకుండా వచ్చింది. కర్టెను వేసి, సెలైన్‌తో తుడిచి, స్టిక్కర్ పెట్టి ఫొటో తీశాను. గీత కిందకి దిగింది. కాస్తే, కానీ దిగింది. నేను టాబ్లెట్ తిప్పి వాళ్ళకి చూపించాను. చదువు రాకపోయినా దిగే గీత ఎవరికైనా అర్థమవుతుంది. నేను కట్టు కట్టి, మాట ప్రకారం బండి వైపు తిరిగి గాజుగుడ్డలు సర్దుతూ నిలబడ్డాను. వెనక అప్పలసామి నేల మీద కూర్చున్న చప్పుడు, డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించాయి. "ఏలి మీదకి రానీకు, మిస్సీ సంపేస్తాది," అని నూకాలమ్మ గుసగుస. సర్దిన గాజుగుడ్డలే మళ్ళీ సర్దాను.

మూడో శుక్రవారం గీత ఆగిపోయింది. దిగలేదు, ఎక్కలేదు. ఇక్కడ యంత్రానికి దక్కాల్సిన మర్యాద దానికి ఇవ్వాలి. నా కంటికి ఆ పుండు ముందువారం కన్నా బాగున్నట్టే కనిపించింది, నేనైతే సంబరంగా పంపేసేదాన్ని. టాబ్లెట్ మాత్రం ఒక అంచు కదలడం లేదని చూపించింది. ఆ అంచు తడిమి చూస్తే చర్మం గట్టిపడి కాయ కట్టింది. చెప్పు పట్టీ అక్కడ ఒరుసుకుంటోంది. ఫరా పదునైన బ్లేడుతో ఆ కాయని పల్చగా చెక్కింది. ఇలా చచ్చినదాన్ని తొలగించడాన్నే డిబ్రైడ్‌మెంట్ అంటాం. పట్టీ మార్చాం. నాలుగో శుక్రవారం గీత బాగా దిగింది. డాక్టర్ లిమ్ ఫోనులో ఒక్కటే మాట అన్నాడు. "వేలు ఉంచుకోమనండి."

ఆ మాట తెలుగులో చెప్పినప్పుడు నూకాలమ్మ నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. గ్లవ్స్‌తో ఉన్న చేతులు. మళ్ళీ కొత్త జత వేసుకోవాల్సి వచ్చింది.

పుండు పూర్తిగా మూసుకోవడానికి ఇంకా కొన్ని వారాలు పట్టింది. మూసుకున్న రోజు అప్పలసామి జేబులోంచి మెట్టెలు తీసి బల్ల మీద పెట్టాడు. తోమి తెచ్చినట్టున్నాడు, మెరుస్తున్నాయి. ఇద్దరూ నాకేసి చూశారు. ఆ చూపు తట్టుకోవడం నాకు చాలా కష్టమైంది. ఎందుకంటే నేను వద్దని చెప్పాలి. మెట్టె వల్లే పుండు మొదలైంది. పాదాలకి స్పర్శ తిరిగి రాలేదు, రాదు కూడా. మళ్ళీ పెడితే మళ్ళీ కోస్తుంది.

"పెద్దమ్మా, వేలు మిగిలింది. మెట్టె మాత్రం పెట్టుకోకూడదు," అన్నాను.

ఆవిడ మెట్టెలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తరవాత మొగుడికేసి చూసి, "నాను పోనప్పుడు ఈ ఏలికి పెట్టు. అప్పుడు కోసినా నొప్పెట్టదు కదా," అంది. ఆయన, "నోర్ముయ్," అన్నాడు. ఆ రెండు మెట్టెలూ ఆవిడ మెడలోని పసుపుతాడుకి గుచ్చుకుంది. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, మూడు నెలలకోసారి పాదాల పరీక్షకి వచ్చినప్పుడు తీసి చూపిస్తుంది.

మా ఫొటోలు, పసుపు కథ ఫరా ఆ యాప్ తయారుచేసినవాళ్ళకి రాసి పంపింది. ఇప్పుడు ఫొటో తీయబోయే ముందు అది, చర్మం మీద రంగు గానీ మరక గానీ ఉందా అని అడుగుతుంది. చిన్న ప్రశ్నే, కానీ ఆ ప్రశ్న మా గదినుంచి పోయిందని నాకు కాస్త గర్వం. పలకతో నా కాపురం కూడా కుదుటపడింది. నా కన్ను దాన్ని నిలదీస్తుంది, అది నా కన్నుని నిలదీస్తుంది. ఒకరిమాట ఒకరు ఊరికే ఒప్పుకోం.

ఈ కేసు నేర్పింది మాత్రం యాప్ గురించి కాదు. పుండు మా గదిలో ఉండేది పావుగంట. మిగతా వారమంతా అది ఎవరో ఒకరి చేతుల్లో ఉంటుంది. ఆ చేతుల సంగతి ఫొటోలో పడదు, అడిగితేనే తెలుస్తుంది. అదీ తిట్టకుండా అడిగితే. అందుకని ఇప్పుడు టాబ్లెట్ తీసే ముందు ప్రతివాళ్ళనీ వాళ్ళ భాషలో ఒకటి అడుగుతాను, ఇంట్లో ఈ కాలు ఎవరు కడుగుతారని. మలాయి ముసలాయన భార్య రాసే గామాత్ అనే సముద్రపు జీవి నూనె సంగతి చెప్తాడు. చైనా అవ్వ కూతురు పూసే ఆకుపచ్చ మందునూనె సంగతి చెప్తుంది. ఎవరికీ ఏదీ దాచాల్సిన పని ఉండదు.

మొన్న నూకాలమ్మ పరీక్షకి వచ్చిన రోజు గది ఖాళీ లేదు, బయట బెంచీ దగ్గరే కాళ్ళు చూద్దామని కూర్చున్నాను. చుట్టూ తోటల మనుషులే, అందులో మనవాళ్ళూ ఉన్నారు, తమిళవాళ్ళూ ఉన్నారు. అలవాటు కొద్దీ నా నోట ఆ ప్రశ్న వచ్చేసింది. "ఇంట్లో ఈ కాళ్ళు ఎవరు కడుగుతారు?" అడిగాక నాలుక్కరుచుకున్నాను, అప్పలసామికి తలవంపులు తెచ్చానేమోనని.

ఆయన నలుగురికేసీ ఒకసారి చూశాడు. చేతులు వెనక్కి పెట్టుకోలేదు.

"నానే," అన్నాడు. "పసుపు కూడా నానే రాస్తాను."